ఉయునీ: ఏటా నీళ్లు చదును చేసే నేల

ధ్రువాల దగ్గర మంచు ఎంత కరుగుతోందో, ఎంత పేరుకుంటోందో కొలవడానికి నాసా 2003 జనవరిలో ఐస్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది. దాదాపు 600 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల మీదికి లేజర్ కాంతిని వదిలి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఆ చోటి ఎత్తును లెక్కగట్టడం దాని పని. సెంటీమీటర్ల తేడాలు కూడా పట్టుకోవాలి. మరి ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో తేల్చేదెలా? ఎత్తు ముందే కచ్చితంగా తెలిసిన నేల ఒకటి కావాలి. అది విశాలంగా, చదునుగా ఉండాలి, కాంతిని బాగా వెనక్కి పంపాలి. శాస్త్రవేత్తలు బొలీవియాలోని ఉయునీ ఉప్పు మైదానాన్ని ఎంచుకున్నారు. 2002లో ఏడ్రియన్ బోర్సా, ఆయన సహచరులు బండికి జీపీఎస్ బిగించి ఆ ఉప్పు మీద గళ్లు గీసినట్టు నిలువునా అడ్డంగా తిరిగారు. 54 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పున్న ఆ మేరలో అన్నిటికంటే మెరకకూ అన్నిటికంటే పల్లానికీ మధ్య తేడా ఒక్క మీటరు కూడా లేదని తేలింది.

ఆ నేల మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, పొద్దుగూకాక అక్కడే టెంటు వేసుకుని పడుకోవాలని దూరప్రయాణాలు చేసే సైక్లిస్టులు ఎందరో కలలు కంటారు. సముద్రమట్టానికి 3,656 మీటర్ల ఎత్తున, పదివేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉప్పు అది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద ఉప్పు మైదానం లేదు. ఉత్తరపు ఒడ్డున టునుపా అగ్నిపర్వతం కింద హిరీరా అనే ఊరుంది. అక్కడి నుంచి మైదానం నడుమ ఉన్న ఇంకావాసి దీవికి దాదాపు 40 కిలోమీటర్లు. దీవి నుంచి తూర్పు ఒడ్డున ఉన్న కొల్చానీకి మరో 70, 80. రోడ్డు ఉండదు, జీపుల చక్రాలు గీసిన చారలే దారి. దీవి దగ్గర తప్ప నీళ్లు దొరకవు కాబట్టి తాగడానికి, వండుకోవడానికి అన్నీ మోసుకెళ్లాలి. మే నుంచి అక్టోబరు దాకా ఉప్పు ఎండి గట్టిపడి ఉంటుంది. ప్రయాణానికి అదే అదను.

జీపుల్లో వచ్చేవాళ్లు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. ఈ నేల ఎలా పనిచేస్తుందో ఒంటికి తెలిసి రావాలంటే మాత్రం దాని మీద గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి, ఒక రాత్రి పడుకోవాలి. చూడగానే అది ప్రాణంలేని తెల్లటి పలకలా అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఏడాది పొడుగునా పని నడుస్తూనే ఉంటుంది, పనంతా నీళ్లది.

ముందు ఆ చదును సంగతి. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానలు. నీళ్లు బయటికి పోయే దారి లేదు, చుట్టూ కొండలు. వాననీరు పల్చటి పొరగా ఉప్పు మీద నిలుస్తుంది. అది మంచినీరు కాబట్టి పైకి పొడుచుకు వచ్చిన ఉప్పును కరిగిస్తుంది. గాలి ఆ పొరను అటూ ఇటూ నెడుతుంది. పల్లంలో నీళ్లు లోతుగా నిలుస్తాయి, వానలు ఆగి అవి ఆవిరైపోయాక ఆ చోట ఉప్పు మందంగా మిగులుతుంది. మెరక కరిగి, పల్లం నిండి, ప్రతి ఏడూ మైదానం కొత్తగా సర్దుకుంటుంది. ఫొటోల్లో ఆకాశమంతా నేల మీద కనిపించే ఆ ప్రసిద్ధమైన అద్దం ఈ వానాకాలపు నీటి పొరే. సైకిలుకు మాత్రం అది శత్రువు. ఉప్పునీళ్లలో ఒక్క రోజు తొక్కితే చాలు, చైను, బేరింగులు, బ్రేకు తీగలు తుప్పుపట్టడం మొదలవుతుంది.

చదును అన్నాను గానీ, స్కేలు పెట్టి గీసిన గీతలాంటి చదును కాదది. నీళ్లు సర్దిన నేల నీటి మట్టాన్నే అనుసరిస్తుంది, నీటి మట్టం భూమి ఆకర్షణను అనుసరిస్తుంది. భూమి గుండ్రం కాబట్టి ఉప్పూ గుండ్రంగా వంగి ఉంటుంది. నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఒడ్ల మధ్య తిన్నగా ఒక గీత గీయగలిగితే, మధ్యలో మైదానం ఆ గీత కంటే దాదాపు 200 మీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. భూగర్భంలో రాయి సాంద్రంగా ఉన్న చోట ఆకర్షణ కాస్త ఎక్కువ, అక్కడికి నీరూ కాస్త ఎక్కువ చేరుతుంది. బోర్సా బృందం కొలిచిన ఆ మీటరు లోపు ఎగుడుదిగుళ్లలో ఈ ఆకర్షణ తేడాల జాడ కూడా ఉంది.

ఈ వంపు సైక్లిస్టుకు కళ్లెదుటే కనిపిస్తుంది. నిలబడి చూసే మనిషికి దిగంతం ఐదు కిలోమీటర్ల లోపే. సుమారు వంద మీటర్ల ఎత్తున్న దీవి నలభై కిలోమీటర్ల దూరంలో అప్పుడప్పుడే తల చూపిస్తుంది, దాని అడుగుభాగం భూమి వంపు చాటునే ఉంటుంది. ఎండకు ఉప్పు మీది గాలి పొరల్లో ఉష్ణోగ్రత మారి కాంతి వంగడంతో, ఆ కనిపించే శిఖరం కూడా నేలను విడిచి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. గంట తొక్కినా దగ్గరపడదు, రెండు గంటలు తొక్కినా అంతే. దారి పక్కన చెట్టో రాయో ఉంటే ఎంత దూరం వచ్చామో కంటికి తెలుస్తుంది. ఇక్కడ కంటికి ఆ ఆసరా లేదు. టునుపా సంగతి వేరు. 5,321 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మైదానంలో ఏ మూల నుంచైనా కనిపిస్తుంది, వెళ్లేవాళ్లకు దిక్సూచిలా ఉపయోగపడుతుంది.

జీపు దారి వదిలి పక్కకు వెళ్తే చక్రాల కింద నేల వేరే భాష మాట్లాడుతుంది. ఐదారు భుజాల బొమ్మలు, ఒక్కొక్కటి ఒకటి రెండు మీటర్ల వెడల్పు, కనుచూపు మేరంతా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. వాటి అంచులు గరుకైన ఉప్పు గట్లు. దిగి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, గట్టు మీది ఉప్పు పలుకులు పలుకులుగా, పువ్వులా విచ్చుకుని ఉంటుంది, వేలితో నొక్కితే రాలుతుంది. నడిమి పలక మాత్రం నున్నగా, గట్టిగా ఉంటుంది. గట్టు ఎత్తు రెండు మూడు వేళ్లే. అయినా రెండు మీటర్లకొకటి చొప్పున రోజంతా వాటి మీదుగా వెళ్లేవాడి మణికట్లకు ఆ సంగతి బాగా తెలుస్తుంది. అందుకే లావు టైర్లు వేసుకుని, గాలి కాస్త తగ్గించి తొక్కుతారు.

ఈ బొమ్మలు ప్రపంచంలోని ఉప్పు ఎడారులన్నిటిలోనూ ఇంచుమించు ఇదే కొలతలో ఉంటాయి. చాలాకాలం వీటిని బురద ఎండితే వచ్చే పగుళ్లలాంటివని కొందరు, వ్యాకోచించిన ఉప్పు పొర ముడతలు పడి ఇలా అయిందని కొందరు అనుకున్నారు. ఉప్పు మందం చోటుకొక తీరుగా ఉన్నప్పుడు బొమ్మల కొలత అన్నిచోట్లా ఒకేలా ఎందుకుందో ఆ రెండు వాదాలూ చెప్పలేకపోయాయి. 2023లో యానా లాసర్, లూకాస్ గోరింగ్ తదితర పరిశోధకులు ఫిజికల్ రివ్యూ ఎక్స్ పత్రికలో వేరే జవాబు చెప్పారు. బొమ్మ గీసేది పైనున్న ఉప్పు కాదట, కింద నేలలో ఇంకి ఉన్న ఉప్పునీరట.

పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాగేటప్పుడు వేడి నీరు తేలికై పైకి వస్తుంది, పైనున్న చల్లటి నీరు బరువుగా కిందికి దిగుతుంది, గిన్నె లోపల సుళ్లు కట్టినట్టు తిరుగుతూ ఉంటుంది. ఉప్పు నేల కింద కూడా అలాంటి తిరుగుడే ఉంది, వేడి బదులు అక్కడ ఉప్పు పనిచేస్తుంది. నేల పైభాగంలో నీరు ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు పెరిగి అది బరువెక్కుతుంది. బరువెక్కిన నీరు సన్నటి తెరల్లా కిందికి దిగుతుంది. దాని చోటు నింపడానికి, ఉప్పు తక్కువగా ఉన్న నీరు మధ్యభాగాల్లో నింపాదిగా పైకి లేస్తుంది. చిక్కటి ఉప్పునీరు దిగే గీతల వెంబడి ఉప్పు ఎక్కువగా పేరుకుంటుంది, అవే గట్లు. పరిశోధకులు కాలిఫోర్నియాలోని ఓవెన్స్ సరస్సు అడుగున తవ్వి చూస్తే, గట్ల కిందనున్న నీటిలో ఉప్పు ఎక్కువగానే ఉంది. కదలిక లేనట్టు కనిపించే ఉప్పు పొర మీద చక్రం ఎగిరిపడుతోందంటే, దానికి కారణం కింద మట్టి సందుల్లో ఎంతో మెల్లగా తిరుగుతున్న నీరు. నాకు ఈ మైదానం గురించి తెలిసిన విషయాలన్నిటిలో ఇంతగా ఆశ్చర్యపరిచింది మరొకటి లేదు.

ఇక గాలి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ప్రతి శ్వాసలోనూ ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం గట్టిగా శ్రమించగల సామర్థ్యం ఐదో వంతుకు పైగా పడిపోతుంది. అయితే గాలి పల్చబడితే దాని అడ్డూ తగ్గుతుంది. చదును నేల మీద వేగంగా సైకిలు తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం ఖర్చయ్యేది గాలిని చీల్చుకు వెళ్లడానికే. అందుకే పందెగాళ్లు రికార్డుల కోసం ఎత్తుకు వెళ్లారు. సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ 1972లో, గంటలో అత్యధిక దూరం తొక్కే ‘గంట రికార్డు’ నెలకొల్పింది 2,200 మీటర్లకు పైగా ఎత్తున్న మెక్సికో నగరంలో. ఇదే బొలీవియాలోని లా పాజ్‌లో, 3,400 మీటర్ల ఎత్తున్న ట్రాక్ మీద, ఫ్రెంచి సైక్లిస్టు ఆర్నో తూర్నాన్ 2001లో కిలోమీటరును 58.875 సెకన్లలో పూర్తిచేశాడు. దాన్ని బద్దలు కొట్టాలని 2007లో బ్రిటన్‌కు చెందిన క్రిస్ హోయ్ అదే చోటికి వచ్చాడు. 58.880 సెకన్లు పట్టింది, సెకనులో వెయ్యింట ఐదు వంతుల తేడాతో రికార్డు తప్పిపోయింది. అలాంటి పందేలు నిమిషం లోపు ముగుస్తాయి కాబట్టి ఊపిరి కరువు కంటే గాలి పల్చదనం వల్ల వచ్చే లాభమే ఎక్కువ. సామాన్లు వేలాడేసుకుని రోజంతా తొక్కేవాడికి ఆ లాభం దక్కదు. పైగా మధ్యాహ్నం లేచే ఎదురుగాలి ఉన్న లాభాన్నీ తినేస్తుంది. అందుకే అనుభవజ్ఞులు పొద్దున్నే బయల్దేరి, గాలి లేచేలోపే వీలైనంత దూరం వెళ్లిపోతారు.

పీడనం తగ్గడం వంట దగ్గరా తెలుస్తుంది. అక్కడ నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. గలగలా మరుగుతూనే ఉంటాయి గానీ పప్పు ఉడకదు, అన్నం పలుకు పోదు. మంట పెంచినా లాభం లేదు, నీరు వేగంగా ఆవిరవుతుందే తప్ప ఇంకా వేడెక్కదు. అంత ఎత్తున ఉన్న ఇళ్లలో ప్రెషర్ కుక్కరు లేకుండా గడవదు. సైకిలు మీద కుక్కరు మోయలేని వాళ్లు అటుకుల్లాంటి ఓట్సుతో, సన్నటి నూడుల్సుతో సరిపెట్టుకుంటారు.

ఎండ దెబ్బ ఇక్కడ కింది నుంచి తగులుతుంది. ఎత్తు మీద అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గాలి తక్కువ, మేఘాలూ తక్కువ. పడిన కిరణాల్లో దాదాపు మూడింట రెండు వంతుల్ని ఉప్పు తిరిగి పైకి విసురుతుంది. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచున, చెవుల వెనక చర్మం కమిలిపోతుంది. నల్ల కళ్లద్దాలు లేకుండా ఒక పగలు గడిపితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. పక్కలు కూడా మూసుకుని ఉండే అద్దాలు పెట్టుకోవాలి. ఈ జాగ్రత్తను చాదస్తం అనుకోకూడదు.

సాయంత్రం టెంటు వేయడం దగ్గర మొదటి చిక్కు వస్తుంది. మట్టిలో సులువుగా దిగే అల్యూమినియం మేకులు ఉప్పులో దిగవు, సుత్తితో కొడితే వంగిపోతాయి. గట్టి ఇనుప మేకులు తెచ్చుకున్నవాళ్లు కొట్టి దించుతారు. లేనివాళ్లు తాళ్లను సైకిలుకూ, బరువైన సంచులకూ కట్టేస్తారు. జీపు దారులకు దూరంగా వేసుకోవడం మరీ ముఖ్యం, రాత్రిపూట దారి లెక్కచేయకుండా తిరిగే బళ్లుంటాయి. ఉప్పు పొరలో అక్కడక్కడా కింది నీరు ఊరి తయారైన గుంతలుంటాయి, వాటిని స్థానికులు ఉప్పు కళ్లు అంటారు. చీకట్లో వాటి దరిదాపుల్లోకి పోకూడదు.

పొద్దు వాలిన గంటలోనే చలి ఎముకల్లోకి దిగుతుంది. పగలు నేలకు తగిలిన ఎండలో ఎక్కువ భాగాన్ని ఉప్పు వెనక్కి పంపేసింది కాబట్టి దాచుకున్న వేడి తక్కువ. ఆ కాస్త వేడినీ రాత్రి పట్టి ఉంచాల్సింది గాలిలోని నీటి ఆవిరి, అది అక్కడ దాదాపు లేదు. అక్కడి చలికాలమైన జూన్, జులై రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలకు కిందికి, ఒక్కోసారి మైనస్ 20 దరిదాపుల్లోకి పోతుంది. సీసాలో మంచినీళ్లు గడ్డకడతాయి. సీసాను తలకిందులుగా పెడితే పైకి వచ్చిన అడుగువైపు ముందు గడ్డకడుతుంది, మూత వైపు తెల్లారాక తాగడానికి వీలుంటుంది. అదే సమయంలో టెంటు కింద ఉప్పు పొర అడుగున ఉన్న నీరు గడ్డకట్టదు. ఉప్పు పూర్తిగా కలిసిన నీరు మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది.

ఎత్తుకు అలవాటు పడని మనిషికి నిద్ర సరిగా పట్టదు. ఆక్సిజన్ కోసం శరీరం వేగంగా శ్వాసిస్తుంది, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. మెదడు శ్వాసను ఎక్కువగా నడిపించేది ఆ వాయువును బట్టే. అది తగ్గగానే నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మనిషి ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి పీల్చుకుంటూ లేస్తాడు. మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపి ఈ లెక్క సరిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. విమానంలో వచ్చి దిగగానే సైకిలెక్కకుండా, ముందు లా పాజ్‌లోనో ఉయునీ ఊళ్లోనో నాలుగు రోజులు ఉండమనేది ఇందుకే.

మెలకువ వచ్చినవాళ్లు టెంటు జిప్పు తీసి తల బయట పెడితే పాలపుంత నిలువునా కనిపిస్తుంది. ఆండీస్ జనం నక్షత్రాలను కలిపి బొమ్మలు ఊహించుకోవడంతో ఆగలేదు, పాలపుంతలోని నల్లటి మచ్చల్లో కూడా బొమ్మలు చూశారు. వాటిలో పెద్దది యకానా, ఆడ లామా. ఆల్ఫా, బీటా సెంటారీ నక్షత్రాలు దాని కళ్లు.

తెల్లారి దీవికి చేరితే అక్కడ మరో ఆశ్చర్యం. ఇంకావాసి ఒక పాత అగ్నిపర్వతపు తల. దాని మీద పది మీటర్లు దాటిన కాక్టస్ చెట్లు వందలకొద్దీ ఉన్నాయి. అవి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయంటారు. కలప దొరకని ఆ సీమలో ఎండిన కాక్టస్ మానే తలుపులకూ దూలాలకూ వాడారు. రాళ్లను దగ్గరగా చూస్తే వాటికి పగడపు దిబ్బల్లాంటి గరుకు పెంకు పట్టి ఉంటుంది. అది నీటిలో నాచు, సున్నం కలిసి కట్టిన పెంకు. అంటే ఈ కొండ ఒకప్పుడు నీళ్లలో మునిగి ఉంది. సుమారు 15, 16 వేల ఏళ్ల కిందట ఇక్కడ వంద మీటర్లకు పైగా లోతున్న సరస్సు ఉండేది. శాస్త్రవేత్తలు దాన్ని టౌకా సరస్సు అంటారు. వాతావరణం మారి అది ఎండిపోగా ఉయునీ, దాని పక్కనే కోయిపాసా ఉప్పు మైదానాలు మిగిలాయి. మైదానం నడుమ 121 మీటర్ల లోతుకు డ్రిల్లు చేసి చూస్తే ఉప్పు, బురద, మళ్లీ ఉప్పు, మళ్లీ బురద, ఇలా పది పైచిలుకు సార్లు వచ్చాయి. సరస్సు నిండిందీ ఎండిందీ ఒక్కసారి కాదు. ఆ పాత నీటి వారసుల్లో ఒకటైన పోపో సరస్సు మన కాలం దాకా వచ్చింది. బొలీవియాలో రెండో పెద్ద సరస్సుగా ఉండేది. 2015 డిసెంబరులో అదీ ఎండిపోయింది. చేపల మీద బతికిన ఉరూ జాతి జనం వలలు వదిలేసి వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది.

కొల్చానీ ఒడ్డున ఉప్పు కూలీలు పై పొరను గీకి చిన్న చిన్న కుప్పలు పోస్తారు, నీరు కారి ఎండాక లారీలకెత్తుతారు. మన నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో సముద్రపు నీటితో జరిగేదే ఇక్కడ ప్రకృతి తనంతట తాను చేసింది. నీరు ఆవిరవుతుంటే ముందు సున్నం, తర్వాత జిప్సం, ఆ తర్వాత మామూలు ఉప్పు గట్టిపడతాయి. చివరిదాకా కరిగే ఉండేవి మెగ్నీషియం, పొటాషియం, లిథియం. మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం ఉన్నట్టే, ఉయునీలో పొర కింది నీటిలో లిథియం చేరింది. చుట్టూ ఉన్న అగ్నిపర్వత శిలల నుంచి కరిగి, రియో గ్రాండే నదితో కొట్టుకొచ్చిన లిథియం అది. అందుకే ఆ నది కలిసే దక్షిణపు మూలన దాని సాంద్రత ఎక్కువ.

ఫోన్లకూ కార్లకూ బ్యాటరీలు కావాలి కాబట్టి ప్రపంచం కళ్లు ఇప్పుడు ఆ నీటి మీద పడ్డాయి. అమెరికా భూగర్భ సర్వే లెక్కల్లో బొలీవియా లిథియం వనరులు రెండు కోట్ల టన్నులకు పైనే. తీయడం మాత్రం కష్టంగా ఉంది. ఆ నీటిలో లిథియం కంటే మెగ్నీషియం సుమారు ఇరవై రెట్లు ఎక్కువ, వేరుచేయాలంటే సున్నం కావాలి, సున్నంతో పాటు వ్యర్థం గుట్టలవుతుంది. కొలనుల్లో పోసి ఎండబెడదామంటే ఏటా వచ్చే వానలు మళ్లీ పల్చన చేస్తాయి. ఏళ్ల తరబడి ప్రయత్నించాక 2023 డిసెంబరులో ప్రభుత్వ సంస్థ ఏడాదికి 15 వేల టన్నుల సామర్థ్యంతో లిథియం కార్బొనేట్ కర్మాగారాన్ని ప్రారంభించింది. ఎండబెట్టకుండా నేరుగా నీటి నుంచి లిథియాన్ని లాగే పద్ధతుల గురించి ఇప్పుడు చర్చ నడుస్తోంది.

పోతోసీ గనుల వెండి మూడు శతాబ్దాలు స్పెయిన్‌కు తరలిపోయిన ప్రాంతమిది, ఈసారి లాభం తమకే దక్కాలని ఇక్కడి జనం అడగడం న్యాయం. నాకు అంతకంటే ముందు తేలాల్సింది నీటి లెక్క అనిపిస్తుంది. కొత్త పద్ధతులకూ మంచినీళ్లు కావాలి. మైదానం చుట్టూ కినోవా పండించేవాళ్లకూ, లామాలు మేపేవాళ్లకూ ఊటబావులే దిక్కు. పని అయిపోయిన ఉప్పునీటిని ఎక్కడికి వదులుతారన్నది మరో ప్రశ్న. తిరిగి నేలలోకే పంపిస్తే మిగిలిన లిథియం పల్చబడుతుంది, పంపకపోతే పొర కింద మట్టం పడిపోతుంది. గట్లు గీసే నీరూ, మైదానాన్ని అడుగు నుంచి తడిగా ఉంచే నీరూ అదే. కర్మాగారాన్ని విస్తరించడానికి ముందే ఆ మట్టాలను ఏడాది పొడుగునా కొలిచే బావులు తవ్వాలి, ఆ కొలతలు కొల్చానీ కూలీలకూ హిరీరా రైతులకూ అందుబాటులో ఉండాలి.